తీరిక వేళ: పడవ వెనుక గాలం

కొత్తిమీర మడి గురించీ, చలికాలంలో పెరుగు తోడుకోవడం గురించీ ఈ శీర్షికలో రాసినప్పుడు మమ్మల్ని దారిలో ఆపి అడిగినవారు లేరు. ఈసారి పడవ మీద నుంచి చేపలు పట్టడం గురించి రాస్తామని తెలిసిన దగ్గర నుంచి, బియ్యం బస్తా భుజాన ఉన్నవారు కూడా ఆగి, "ఎప్పుడు వేస్తున్నారండీ?" అంటున్నారు. గంగాలిన్‌లో మనవాళ్ళ ఇళ్ళ ముందు ట్రైలర్ల మీద అల్యూమినియం పడవలు ఒకటీ అరా కనిపిస్తున్నాయి. కొన్నవారికంటె కొనబోయేవారు ఎక్కువ. కొనబోయేవారికంటె, కొన్నవారి పడవలో ఎక్కబోయేవారు ఇంకా ఎక్కువ. ఈ మూడో రకంవారిని దృష్టిలో పెట్టుకునే ఈ నెల నాలుగు మాటలు ఎక్కువ రాస్తున్నాము.

ముందు పేరు సంగతి. ట్రోలింగ్ వేరు, ట్రాలింగ్ వేరు. విశాఖపట్నం చేపలరేవులో వరసగా నిలిచి ఉండే ట్రాలర్లు సముద్రం అడుగున పెద్ద వలసంచిని ఈడ్చుకుపోతాయి. అది ట్రాలింగ్; అది పరిశ్రమ. ట్రోలింగ్‌లో వల లేదు. పడవ మెల్లగా పోతూ ఉంటుంది, వెనుక ఒకటో రెండో దారాలు, దారం చివర చిన్నచేపలా ఈదుతూ వచ్చే ఎర. అంతే. చేప వస్తుందని ఒకచోట కూర్చుని ఎదురుచూడడం కాదు, చేప ఎక్కడున్నదో తెలియదు కనుక ఎరనే వీధి వీధీ తిప్పడం అన్నమాట.

ఇదేదో తెల్లవారి విద్య అనుకోనక్కరలేదు. ఉత్తరాంధ్ర తీరంలో తెరచాప ఎత్తిన తెప్ప వెనుక గాలపుతాడు విడిచి వంజరానికీ సూరకూ వెళ్ళడం జాలరులకూ వాడబలిజలకూ తెలిసిన పనే. ఒరిస్సాలో పూరీ వెళ్ళినవారు సముద్రపు ఒడ్డున పెంటకోట అనే పెద్ద జాలరిపేట చూసి ఉంటారు. అక్కడ వినబడే భాష తెలుగు. మన తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలవి. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. మన సంఘంలో ఉన్న మనలో ఎక్కువమందిమి చేపను సంతలో చూసినవాళ్ళమే గాని నీటిలో చూసినవాళ్ళం కాము. ఆ పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు, మనకు పులుసు వస్తే చాలు, అన్నట్టు పెరిగాము. అందుచేత మనలో చాలామందికి ఈత కూడా రాదు. గోదావరి గట్టున పుట్టి కూడా మోకాలిలోతు దాటనివారిని మేమెరుగుదుము. ఈ ఒక్క సంగతి మరిచిపోకుండా మిగిలినదంతా చదవవలసిందని మనవి.

ఎక్కడికి వెళ్ళాలి? గంగాలిన్‌లో యెర్రబీ చెరువు ఉన్నది, గంగాలిన్ చెరువు ఉన్నది. కాన్‌బెర్రా ప్రభుత్వం వీటిలో మర్రే కాడ్, గోల్డెన్ పెర్చ్ పిల్లలను వదులుతూ ఉంటుంది. పిల్లలతో సాయంకాలం గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చోవడానికి ఇవి బాగుంటాయి. కాన్‌బెర్రా పరిధిలో చేపలు పట్టడానికి లైసెన్సు కూడా అడగరు. కాని పెట్రోలు మోటారు పడవను ఇష్టం వచ్చినట్టు దింపే నీళ్ళు ఇవి కావు. బర్లీ గ్రిఫిన్ సరస్సులో సైతం మోటారు పడవకు అనుమతిపత్రం కావాలి. కాబట్టి మోటారు పెట్టుకున్నవాడు ఊరు దాటక తప్పదు.

దాటితే రెండు దిక్కులు. వాయవ్యంగా యాస్ దాటి వెళితే మరంబిడ్జీ నది మీద 1928లో పూర్తయిన బరిన్‌జక్ ఆనకట్ట జలాశయం. అక్కడ మర్రే కాడ్ కోసం లోతుకు మునిగే పెద్ద ఎరలతో రాళ్ళ అంచుల వెంట తిరుగుతారు. కాడ్‌కు సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు విరామం, ఆ మూడు నెలలు దాని జోలికి పోకూడదు. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారే, ఇదీ అటువంటిదే. చేప పిల్లలు పెట్టుకునే కాలం.

రెండోది దక్షిణంగా, కూమా మీదుగా స్నోయీ కొండల సరస్సులు: యూకంబీన్, జిండబైన్. ట్రోలింగ్ మొదలుపెట్టేవారికి మేము యూకంబీన్ వైపే మొగ్గు చూపుతాము. గంగాలిన్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. 1958లో ఆనకట్ట పూర్తయి నీళ్ళు నిండితే పాత ఆడమినబీ ఊరు మునిగిపోయింది. ఇళ్ళను లారీల మీద ఎక్కించి కొత్తచోటికి తరలించారు. శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపు గ్రామాల కథలు విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 2007 నాటి కరవులో నీళ్ళు బాగా తగ్గిపోయి ఆ పాత ఊరి పునాదులు బయటపడ్డాయి. నిండితే సిడ్నీ హార్బరుకు తొమ్మిదింతల నీళ్ళు పట్టే సరస్సు ఇది. 1949 నుంచి 1974 దాకా సాగిన ఈ స్నోయీ పథకంలో ముప్ఫైకి పైగా దేశాల నుంచి వచ్చినవారితో కలిపి లక్షమందికి పైగా పనిచేశారు. వలసవచ్చినవాళ్ళు కట్టిన సరస్సులో వలసవచ్చిన మనం, వలసవచ్చిన చేపను పడుతున్నామన్నమాట. ఎందుకంటే ట్రౌటు కూడా ఈ దేశపుది కాదు. బ్రౌన్ ట్రౌటు గుడ్లను మంచులో పెట్టి 1864లో ఇంగ్లండు నుంచి టాస్మేనియాకు ఓడలో తెచ్చారు. రెయిన్‌బో ట్రౌటు ఉత్తర అమెరికాది, న్యూజిలాండు మీదుగా వచ్చింది. ఆడమినబీలో 1973లో పెట్టిన 10 మీటర్ల ట్రౌటు బొమ్మ ఉన్నది. పిల్లలు దాని దగ్గర దిగితే గాని కారు కదలనివ్వరు, ఆ సమయం కూడా లెక్కలో వేసుకుని బయలుదేరండి. సరస్సు గట్టున ఒక చోటి పేరు ఫ్రయింగ్ పాన్. చేప పడకముందే పెనం పెట్టిన ఊరు!

ఇక పడవ. 12 నుంచి 14 అడుగుల అల్యూమినియం పడవ చాలు. ఇక్కడివారు దాన్ని ముద్దుగా టిన్ని అంటారు. దానికి వెనుక తగిలించే మోటారు. పాత మోటారు కొనేవారు ఒక సంగతి గమనించాలి. పొగ ఎక్కువ వదిలే పాతరకం రెండు స్ట్రోకుల మోటార్లను ఈ దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్తగా అమ్మడం లేదు. వాడినవి చేతులు మారుతూనే ఉన్నాయి. వాటికి పెట్రోలులో నూనె కలపాలి. కొన్నవారు ఆ పాళ్ళు అమ్మినవారిని అడిగి మూత మీద రాసిపెట్టుకోవడం మంచిది. నాలుగు స్ట్రోకులది ఖరీదు ఎక్కువైనా, ట్రోలింగుకు కావలసిన నిదానపు వేగంలో మొరాయించకుండా, మాట వినపడనిస్తూ నడుస్తుంది. మా ఓటు దానికే.

4 కిలోవాట్లు, అంటే సుమారు 5 హార్స్‌పవరు, ఆపైన ఉన్న మోటారు పడవను న్యూ సౌత్ వేల్స్ నీళ్ళలో దింపాలంటే అక్కడ రిజిస్టరు చేయించాలి. 10 నాట్లు, ఆపైన వేగంతో నడిపే మనిషికి పడవ లైసెన్సు ఉండాలి. అదిగాక చేపలు పట్టే ప్రతి పెద్దమనిషీ ఆ రాష్ట్రపు చేపల రుసుము కట్టాలి. మూడు రోజులకు, నెలకు, ఏడాదికి, మూడేళ్ళకు విడివిడిగా ఉన్నది. 18 ఏళ్ళ లోపు పిల్లలకు అక్కరలేదు. కాన్‌బెర్రాలో అడగరు కదా అని రసీదు లేకుండా వెళ్ళేవారు ఉన్నారు. సరిహద్దు దాటితే చట్టం మారుతుంది. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడుగుండాలి అనేవి నీటిని బట్టి వేరువేరుగా ఉంటాయి కనుక బయలుదేరే ముందు రోజు చూసుకోండి. సరస్సులో ట్రౌటును ఏడాది పొడుగునా పట్టవచ్చు. వాటిలో కలిసే ఏళ్ళకూ వాగులకూ మాత్రం జూన్ లాంగ్ వీకెండు నుంచి అక్టోబరు లాంగ్ వీకెండు వరకు సెలవు.

సామాను విషయంలో మనవాళ్ళు రెండు రకాలు. ఒకరు దుకాణం మొత్తం కొనుక్కొస్తారు, ఇంకొకరు పక్కింటివాడి పాత కర్రతో సరిపెట్టుకుంటారు. రెండోవారికే మొదట చేప పడడం మేము చూశాము, అది వేరే సంగతి. కావలసినవి ఇవి: రెండు మధ్యరకం కర్రలు, మంచి డ్రాగు ఉన్న రీళ్ళు, మూడు నాలుగు కిలోల బరువు ఆపే దారం, కర్రను నిలబెట్టే గొట్టాలు, చేపను ఎత్తే చేతివల. ఎర ముందు తిరుగుడు కొక్కెం తప్పక పెట్టాలి. లేకపోతే ఎర గిరగిర తిరిగి దారమంతా మెలిపడి, తీసే ఓపిక లేక కోసి పారేయవలసి వస్తుంది. ఎరల్లో టాస్మేనియన్ డెవిల్ అని రెక్కల్లాంటి అంచులున్న తళుకుబిళ్ళ ఒకటి ఈ సరస్సుల్లో ప్రతివారి పెట్టెలోనూ ఉంటుంది. చిన్నచేప ఆకారం ఎరలలో రపాలా పేరు వినే ఉంటారు. ఫిన్లాండులో లౌరీ రపాలా అనే జాలరి 1936లో బెండుతో మొదటిది చెక్కాడు. పెద్దచేప మందలోకి దూరి, వంకరటింకరగా ఈదుతున్న దెబ్బతిన్న పిల్లనే ఎందుకు ఏరుకుంటుందో గమనించి, ఆ కుంటినడక వచ్చేటట్టు చెక్కాడు. ఎర పనంతా ఈ కుంటినడకలోనే ఉన్నది. దాన్ని కాపాడేది మనం పడవ నడిపే వేగం.

ఇక్కడే కొత్తవారికి కష్టం. పడవ కొన్నవాడికి పరుగెత్తించాలని ఉంటుంది. ట్రౌటుకు కావలసినది గంటకు రెండు మూడు కిలోమీటర్లు, మహా అయితే నాలుగు. గర్భిణీ స్త్రీ సాయంకాలం నడకకు వెళ్ళే వేగం అనుకోండి. చాలా మోటార్లు అన్నిటికంటె తగ్గించినా దానికన్న వేగంగానే పోతాయి. అప్పుడు ఒక తాడుకు బకెట్టు కట్టి పక్కన నీళ్ళలో ఈడ్పించడం పాత ఉపాయం, పనిచేస్తుంది. బకెట్టు తాడు మోటారు పంకాకు అందకుండా ముందువైపున కట్టండి. ఎరను విడిచేముందు పడవ పక్కనే నీళ్ళలో పెట్టి ఎలా ఈదుతున్నదో కళ్ళతో చూడాలి. ఒక పక్కకు పడి జారిపోతుంటే వేగం ఎక్కువ, చచ్చినదానిలా వేలాడుతుంటే తక్కువ. బాగా ఈదుతున్నదనుకున్నాక 30 నుంచి 50 మీటర్లు దారం విడవండి. పడవ చప్పుడుకు పక్కకు తప్పుకున్న చేప మళ్ళీ దారిలోకి వచ్చే దూరం అది.

విడిచాక కర్రచివర మీద చూపు ఉంచండి. ఎర సరిగా ఈదుతుంటే చివర నాడిలా టకటక కొట్టుకుంటుంది. నాడి ఆగిందంటే నాచు తగులుకున్నట్టు. నాచు తగిలిన ఎరను గంటసేపు ఊరేగించి, ఈ సరస్సులో చేపలు లేవని ఇంటికి వచ్చి చెప్పేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు.

తరవాత లోతు. ట్రౌటు చలినీటి చేప. చలికాలంలో, శరత్తు చివర తెల్లవారుజామున పైపైనే, గట్టు దగ్గర నాచు అంచుల్లోనే తిరుగుతుంది. ఎండాకాలంలో పైనీరు వేడెక్కితే చల్లని పొర వెతుక్కుంటూ కిందికి పోతుంది. అప్పుడు మామూలు దారంతో అందదు. లోపల సీసపు తీగ ఉన్న దారం దీనికోసమే. ప్రతి పది గజాలకూ రంగు మారుతుంది కాబట్టి ఎంత విడిచామో రంగులు లెక్కపెట్టుకోవచ్చు. నెమ్మదిగా పోతుంటే ఒక్కో రంగుకు సుమారు మీటరున్నర దిగుతుందని లెక్క. "ఇవాళ మూడు రంగుల్లో పడింది" అని గట్టు మీద ఎవరైనా అంటే అర్థం ఇదే. అలా చెప్పిన మనిషికి మీ ఫ్లాస్కులో టీ పోయండి. ఆ ఒక్క ముక్క సగం రోజు శ్రమను తప్పిస్తుంది.

మేము అన్నిటికంటె ఇష్టపడే భాగం మలుపు. పడవను తిన్నగా పోనివ్వకుండా పాము నడకలా అటూ ఇటూ మెల్లగా వంకర తిప్పుతూ పోవాలి. మలుపులో లోపలివైపు ఉన్న ఎర నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటివైపు ఎర వేగం పుంజుకుని పైకి లేస్తుంది. చేప లోపలివైపు కర్రకు తగిలిందనుకోండి, ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా కావాలని చెప్పినట్టు. బయటి కర్రకు తగిలితే వేగం పెంచమని చెప్పినట్టు. చూడని చేప పంపే ఉత్తరం ఇది. దానికి జవాబుగా మోటారును కాస్త సవరించుకుంటే రెండోది పడుతుంది. చటుక్కున తిప్పితే మాత్రం రెండు దారాలూ పెనవేసుకుని మధ్యాహ్నం దాకా ముడులు విప్పుకోవడమే. అందుకే కొత్తలో రెండు దారాలకు మించవద్దు. అందులోనూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉండనివ్వండి.

చేప తగిలితే కర్రను ఎగరేసి గుంజనక్కరలేదు. పోతున్న పడవే గాలాన్ని గుచ్చుతుంది. డ్రాగు కాస్త వదులుగా ఉంచితే, రీలు కిర్రుమని మొరపెట్టినప్పుడు గుండె ఆగినంత పని అవుతుంది గాని దారం తెగదు. పడవను పూర్తిగా ఆపకండి, దారం బిగువు తగ్గితే చేప గాలాన్ని ఉమ్మేస్తుంది. రెండో దారాన్ని ఇంకొకరు చుట్టేయాలి. వలను ముందే నీళ్ళలో ఉంచి చేపను తలవైపు నుంచి దానిమీదికి తేవాలి. వెంటపడి తోకవైపు నుంచి జల్లెడ పట్టినట్టు పట్టబోతే పోయేది చేపే. ఈ సమయంలో పడవలో అందరూ ఒకేవైపుకు లేచి నిలబడడం జరుగుతుంది. జరగకూడదు.

అసలు మేము రాయదలచినది ఇక్కడ మొదలవుతుంది. మన సంఘ సభ్యులొకరి ఇంటికి భీమిలి నుంచి వారి మామగారు వచ్చి ఉన్నారు. అల్లుడు కొత్త పడవ చూపిస్తే ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఇందులో ఎంతమంది ఎక్కవచ్చు బాబూ?" అన్నారు. వెనుక అంటించిన రేకు మీద చూసి, "నలుగురండీ మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. "అయితే ముగ్గురు ఎక్కండి" అన్నారాయన. ఆ రేకు మీద మనుషుల లెక్కతో పాటు కిలోల లెక్క కూడా ఉంటుంది. లంగరు, పెట్రోలు డబ్బా, మంచు పెట్టె, పులిహోర గిన్నె అన్నీ ఆ కిలోల్లోనివే.

మన విహారాలు ఎలా జరుగుతాయో పాఠకులకు తెలుసు. పడవ ఒకటి, కుటుంబాలు ఆరు. "ఒక్క రౌండు మా వాణ్ణి కూడా తిప్పండి అన్నయ్యగారూ" అని ఒకరు, "అంత దూరం వచ్చి అత్తయ్యగారు ఎక్కకపోతే ఏం బాగుంటుంది" అని ఇంకొకరు. కాదంటే మొహం మాడ్చుకుంటారు. పెళ్ళిపందిట్లో ఇంకొక విస్తరి వేయడానికి అలవాటుపడ్డ మనకు "చోటు లేదు" అనే మాట నోట రాదు. పడవలో ఆ మాట రావాలి. పడవ యజమానికి అది మర్యాద తక్కువ కాదు, సరంగుకు ఉన్న అధికారం. ఎక్కబోయేవారు ఆ మాట ఆయనచేత అనిపించకుండా ముందే తప్పుకుంటే ఇంకా బాగుంటుంది.

ఎందుకింతగా చెబుతున్నామంటే, యూకంబీన్ నీళ్ళు కొండల మంచు కరిగి వచ్చేవి. చలికాలంలో పది డిగ్రీల లోపే. అటువంటి నీటిలో పడ్డ మనిషికి మొదటి నిమిషంలో ఊపిరి తనకు తెలియకుండానే ఎగిసిపోతుంది. తల అప్పుడు నీటిలో ఉంటే మింగేది గాలి కాదు. ఆ నిమిషం గడిస్తే చేతులూ కాళ్ళూ చెప్పినమాట వినేది ఇంకొక పది నిమిషాలు. ఆ తరవాత పడవ అంచు పట్టుకున్నా వేళ్ళు బిగియవు. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి గంట పట్టవచ్చు గాని, లైఫ్ జాకెట్ లేనివారు ఆ గంటదాకా ఉండరు. అంటే చలినీటిలో ఈత వచ్చినవారికీ రానివారికీ భేదం మనం అనుకున్నంత ఉండదు, జాకెట్ ఉన్నవారికీ లేనివారికీ ఉంటుంది. ఇక్కడ చట్టం కూడా అదే అంటుంది. ఇటువంటి కొండ సరస్సుల్లో 4.8 మీటర్లలోపు పడవలో ఉన్న ప్రతివారూ జాకెట్ తొడుక్కునే ఉండాలి. పడవలో ఉంచుకుంటే చాలదు. పైన చీరకొంగు, దుప్పటి, ఊలుకోటు అన్నీ వేసి కింద జాకెట్ వేస్తే అవసరానికి అది పొంగి గొంతుకు అడ్డం పడుతుంది. అన్నిటికీ పైన జాకెట్. పిల్లలకు పిల్లల కొలతది, తొడల మధ్య పట్టీతో సహా. "ఎదుగుతాడు కదా" అని రెండేళ్ళు పెద్దది కొనే అలవాటు బడిచొక్కాలకు సరే, దీనికి కాదు.

మోటారు పక్కన ఎర్రతాడు ఒకటి చుట్టచుట్టి ఉంటుంది. ఒక కొస మోటారు మీటకు, రెండో కొస నడిపేవారి మణికట్టుకు. మనిషి నీటిలో పడితే మీట ఊడి మోటారు ఆగుతుంది. తగిలించుకోకపోతే పడవ మనిషిని వదిలి పోతుంది, లేదా గుండ్రంగా తిరిగి మనిషి మీదికే వస్తుంది. ట్రోలింగులో మెల్లగానే పోతున్నాము కదా అని దాన్ని తీసిపెట్టేవారు, మెల్లగా పోయే పడవ కూడా ఈతరాని మనిషికి అందదని గుర్తుంచుకోవాలి.

గాలి. ఉదయం అద్దంలా ఉన్న సరస్సు పదకొండు గంటలకు అలలెత్తడం అక్కడ మామూలు. చిన్న పడవకు అర మీటరు అల చాలు. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, తిరిగి వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. ఆనవాలు ఒకటి: దూరపు నీటిమీద తెల్లటి నురగలు కనిపించగానే దారాలు చుట్టేయాలి. అప్పుడే చేపలు పడుతున్నా సరే. గట్టున ఉండేవారికి ఎటు వెళుతున్నదీ, ఎన్ని గంటలకు వచ్చేదీ చెప్పి వెళ్ళాలి. కొండల మధ్య ఫోను అన్నిచోట్లా పలకదు. మునిగిన అడవి కనుక కొన్నిచోట్ల ఎండుచెట్లు నీటిమట్టానికి ఒక జానెడు కింద నిలబడి ఉంటాయి. కరెంటు కోసం నీళ్ళు వాడుకుంటారు కాబట్టి మట్టం మారుతూ ఉంటుంది, కిందటిసారి లేని మోడు ఈసారి ఉంటుంది. ఇక పడవ అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి బిరడా. దింపేముందు దాన్ని బిగించారా అని ఒకరినొకరు అడగడం పెళ్ళిలో మంగళసూత్రం ఉన్నదా అని అడగడం లాంటిది. అందరూ నవ్వుతారు, అయినా అడగాలి.

మొదటి రోజుకు మా సలహా, శరత్తులో, ఏప్రిల్ నెలలో, గాలి లేని ఉదయం చూసుకుని ఇద్దరు పెద్దవారు మాత్రం వెళ్ళడం. ఓల్డ్ ఆడమినబీ దగ్గర గాని, బకెన్‌డెర్రా దగ్గర గాని పడవ దింపి, గట్టు కనిపించేంత దూరంలోనే మూడు గంటలు తిరిగి రండి. చేప పడకపోయినా ఫరవాలేదు. మోటారు అన్నిటికంటె తక్కువ వేగం ఎంతో, మలుపు ఎంత వెడల్పు తీసుకుంటుందో, ట్రైలరు మీదికి ఎక్కించడానికి ఎన్నిసార్లు వెనక్కు తీయాలో తెలుస్తుంది. ఈ ఆఖరిది చూడడానికి గట్టు మీద ఎప్పుడూ పదిమంది చేరతారు. పిల్లలను రెండోసారికి తీసుకువెళ్ళండి, పెద్దలను మూడోసారికి.

పడ్డ చేపను వెంటనే తలమీద కొట్టి, మొప్పలు కోసి, మంచులో పెట్టాలి. ట్రౌటు మాంసం మెత్తన, ఎండలో అరగంట ఉంచితే పాడవుతుంది. పులుసు పెట్టాలని అందరికీ ఉంటుంది గాని చింతపండు పులుసులో అది చెదిరిపోతుంది, దాని రుచీ తెలియదు. మాకు నచ్చినది ఉప్పు, పసుపు, కారం, కాస్త నిమ్మరసం పట్టించి, చర్మంతోనే పెనం మీద వేయించడం. పులుసే కావాలనేవారు గంగాలిన్ దుకాణంలో బారమండీ కొనుక్కోండి. దాన్ని ఆస్ట్రేలియా చేప అని అమ్ముతారు. మన గోదావరి, కృష్ణా మొగల్లో దొరికే పండుగప్ప అదే. సముద్రాలు వేరైనా జాతి ఒకటే. ఉత్తరాన డార్విన్ వైపు ఆ పండుగప్పనే చిన్న పడవల వెనుక ఎర విడిచి పడతారు. అక్కడ నీళ్ళు వెచ్చన, కాని మొసళ్ళు ఉంటాయి, ఆ సంగతి రాయడానికి మాకంటె ధైర్యవంతులు కావాలి.

వచ్చే నెల ఈ శీర్షికలో పాత పడవ కొనేటప్పుడు ట్రైలరు చక్రాల బేరింగులూ, అతుకుల దగ్గర పగుళ్ళూ ఎలా చూసుకోవాలో రాస్తాము. పిల్లల లైఫ్ జాకెట్లు పొట్టివైపోయినవి ఇంట్లో ఉన్నవారు, అవి ఏ బరువు వారికి సరిపోతాయో లోపలి చీటీ మీద చూసి మాకు తెలియజేస్తే, చిన్నపిల్లలున్న ఇళ్ళకు అందజేస్తాము. చీటీ చెరిగిపోయినవీ, చిరిగినవీ వద్దు.